తాత పేరు బాకీ కాదు

పోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెట్టుకోవడం మంచి ఆచారం. పెట్టి తీరాలని కన్నవాళ్ళను నిలదీయడం మాత్రం ధర్మం కాదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. మొదటిది ఒక్కటే చెబితే పంతం పెరుగుతుంది, రెండోది ఒక్కటే చెబితే పెద్దల మీద ప్రేమ లేనట్టు వినిపిస్తుంది. మా ఇంట్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నా ముఖమే చూశారు. పోయింది నా భర్త, పుట్టింది నా మనవడు. ఇద్దరికీ మధ్య నిలబడ్డదాన్ని కనుక ఆలోచించే భారం కూడా నా మీదే ఎక్కువ పడింది.

మాది మెట్టుగూడ. మా ఆయన లాలాగూడ వర్క్‌షాప్‌లో రైలు పెట్టెల మరమ్మతు పని చేశారు. నిజాం రైల్వే కాలంలో 1893లో పెట్టిన వర్క్‌షాప్ అది. మా మామగారూ అక్కడే చేశారు. ఈ చుట్టుపక్కల వాడల్లో అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. రైల్వే ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి, పేరు తాత నుంచి మనవడికి వస్తూ ఉండేవి. ఉద్యోగాలు ఇప్పుడు అలా రావడం లేదు. పేరైనా నిలవాలన్న ఆశ అందుకే ఇంకా గట్టిపడిందేమో.

మనవడు పుట్టిన రోజే మా వదిన ఆస్పత్రి వరండాలో మా అబ్బాయి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, మీ నాయిన పేరే పెట్టాలె. ఆయనే మల్ల మనింటికి వచ్చిండు" అంది. రెండో రోజు మా మరిది ఫోన్ చేసి, అన్న పేరు లేకుండా తొట్టెల చేస్తే తాను రానన్నాడు. పక్కింటివాళ్ళు, పాత తోటి ఉద్యోగులు, వియ్యాలవారి తరఫు పెద్దలు, ఎవరు వచ్చినా అదే మాట. కోడలు ఒక్కతే ఏమీ అనలేదు. బాలింతరాలు మంచం మీద పడుకుని అందరి మాటలూ విన్నది. నొప్పులు పడి కన్నది ఆమె, ఆమెను అడిగినవాళ్ళు లేరు.

ఆయన పేరు యాదగిరిగుట్ట స్వామి పేరు. అంతకంటే రాయలేను. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు, ఇప్పుడు కలానికీ రావడం లేదు. మా తరం ఆడవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. భర్త పేరు పలకం, మామగారి పేరు పలకం. ఆ పేరే పసివాడికి పెడితే వాణ్ణి నేను పిలవలేను, మామగారి పేరని మా కోడలూ పిలవడానికి వెనకాడుతుంది. బడిలో తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లో ఇలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను. హాజరు పట్టీలో తాత పేరు ఉండేది. ఆ పేరు పిలిస్తే కొత్తగా చేరిన పిల్లవాడు పలికేవాడు కాదు, అది తన పేరని వాడికి తెలియదు. ఇంట్లో వాడు బుజ్జి, చిన్నోడు, నానీ. తల్లిని అడిగితే "మా మామ పేరు టీచర్, పేరు పెట్టి పిలవం, తిట్టం కూడా" అని సిగ్గుపడుతూ చెప్పేది. ఆ మాటలో గొప్ప మర్యాద ఉంది. ఏ పనీ చేయని పసివాడికి తాతకిచ్చే గౌరవం దక్కుతోంది. అయితే పిలవడానికి పెట్టిన పేరు ఇంట్లో ఎవరి నోటా వినపడకుండా కాగితాల్లో ఉండిపోతోంది. నిలబెట్టాలనుకున్నది ఇదేనా అని అప్పుడే అనిపించేది.

సరే, శాస్త్రం ఏమంటుందో చూద్దామని పుస్తకాలు తీశాను. పెద్దల పేరు పెట్టడానికి ఆధారం ఉంది, అందులో అనుమానం లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి పతంజలి మహాభాష్యం మొదట్లోనే, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ యాజ్ఞికుల మాట ఒకటి ప్రస్తావిస్తాడు. కొడుకు పుట్టిన పదో రోజు తర్వాత పెట్టే పేరు ఎలా ఉండాలి? రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలి, శత్రువులకు ఉన్న పేరు కాకూడదు, పై మూడు తరాల వాళ్ళను అనుసరించి ఉండాలి. కాబట్టి తాతల పేరు పెట్టుకోవడం నిన్న మొన్నటిది కాదు. మన కాకతీయులనే చూడండి. మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండో బేతరాజు, రెండో ప్రోలరాజు. తాత పేరు మనవడికి ఒక తరం విడిచి ఒక తరం వస్తూనే ఉంది. గణపతిదేవుడు పెదతండ్రి రుద్రదేవుడి పేరును కూతురికి పెట్టి సింహాసనం అప్పగించాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఆమె తర్వాత రాజ్యం ఏలింది ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు. ఆ వంశంలో పేరు కూతుళ్ళ వైపు నుంచి కూడా నడిచింది. తండ్రి తరఫు పేరే పెట్టాలని కత్తి దూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అయితే పేరు పెట్టే అధికారం ఎవరిది? మన తెలుగునాట చాలామంది వైదికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. పదో రోజు బాలింతరాలు లేచి స్నానం చేశాక కొడుక్కి పేరు పెట్టాలంటుంది. పెట్టేవాళ్ళుగా చెప్పింది ఇద్దరినే, తండ్రిని, తల్లిని. పెదనాన్న, మేనత్త, మరిది, వియ్యంకుడు ఆ సూత్రంలో లేరు. మన ఇళ్ళలో మేనత్త తొట్టె దగ్గర కూర్చుని చెవిలో పేరు చెబుతుంది, అది అందమైన ఆచారం. కానీ ఆమె చెప్పేది ఇద్దరూ కలిసి నిర్ణయించిన పేరు. చెవిలో చెప్పే హక్కు వేరు, నిర్ణయించే హక్కు వేరు.

మరి ఋణం మాటేమిటి? తండ్రి బాకీ తీర్చుకోవాలి అని మా మరిది పదేపదే అన్నాడు. తైత్తిరీయ సంహితలో మూడు ఋణాల మాట ఉంది. అక్కడ చెప్పింది బ్రాహ్మణుడి గురించి, తర్వాతి కాలంలో అందరికీ వర్తింపజేశారు. ఋషులకు చదువుతో, దేవతలకు యజ్ఞంతో, పితరులకు సంతానంతో ఋణం తీరుతుంది. సంతానంతో అన్నారు, ఫలానా పేరున్న సంతానంతో అనలేదు. బిడ్డ పుట్టిన క్షణంలోనే మా అబ్బాయి తండ్రికి ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. తీరిపోయిన బాకీకి మళ్ళీ వడ్డీ అడగడం ఏ ధర్మం?

ఇక మా వదిన మాట. ఆయనే మళ్ళీ వచ్చాడు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ మాట కాదు. ఒంటరిగా పడుకున్న రాత్రుల్లో నాకూ అలాగే నమ్మాలని ఉంటుంది. కానీ నమ్మకానికీ ఒక నిజాయితీ ఉండాలి. మనం ఏటా పితృలోకంలో ఉన్న ఆయనకు తిలోదకాలు విడుస్తాం, అదే నోటితో ఆయన ఉయ్యాలలో ఉన్నాడంటాం. ఈ రెండూ ఎలా కుదురుతాయని పూర్వులు కూడా అడిగారు. పురాణాలు జవాబిచ్చాయి. పోయినవాడు ఏ జన్మలో ఉన్నా మనం పెట్టింది అక్కడికి తగిన ఆహారమై చేరుతుంది. దేవతగా ఉంటే అమృతమవుతుంది, పశువుగా ఉంటే గడ్డి అవుతుంది. అంటే ఆయన ఎక్కడున్నదీ మనకు తెలియాల్సిన పని లేదు. ఆయన్ను ఫలానా తొట్టెలో చూపించి పేరుతో కట్టేయాల్సిన అవసరం అంతకన్నా లేదు.

బృహదారణ్యకంలో ఒక సంభాషణ ఉంది. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ఒక్కొక్కరే ప్రశ్నిస్తుంటారు. జారత్కారవ ఆర్తభాగుడు లేచి, మనిషి చనిపోయినప్పుడు అతన్ని విడవనిది ఏమిటి అని అడుగుతాడు. పేరు, అంటాడు యాజ్ఞవల్క్యుడు. పేరు అనంతమైనదని కూడా అంటాడు. ఆ జవాబు విన్న ఎవరికైనా మా వదిన గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఆర్తభాగుడు అక్కడ ఆగలేదు. వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో, కన్ను సూర్యుడిలో కలిసిపోయాక ఆ మనిషి ఎక్కడుంటాడని మళ్ళీ అడిగాడు. యాజ్ఞవల్క్యుడు ఆ జవాబు సభలో చెప్పలేదు. అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. వాళ్ళిద్దరూ అక్కడ మాట్లాడుకున్నది కర్మ గురించి, అంతే.

ఆ రెండు ప్రశ్నలనూ వేరువేరుగా ఉంచాడు ఋషి. అందులోనే నా సమాధానం దొరికింది. పేరు నిలుస్తుంది, నిజమే. అది నిలిచేది బతికున్న మన నోళ్ళలో. మనిషి ముందుకు పోతాడు, తీసుకుపోయేది తాను చేసినదాన్ని. పేరు పెట్టి పోయినవాణ్ణి వెనక్కి రప్పించలేం, పెట్టక దూరమూ చేయలేం. కాబట్టి పేరు పెట్టాలా వద్దా అన్నది పోయినవాడి గతికి సంబంధించిన ప్రశ్నే కాదు. ఆ పేరును మన నోళ్ళలో ఏం చేసుకుంటాం అన్నదే ప్రశ్న.

ఆ మాటకొస్తే మన నోళ్ళ సంగతి పెత్రమాస నాడు బయటపడుతుంది. ఆ పొద్దున మా చుట్టుపక్కల గుళ్ళకు వెళ్ళి చూడండి. స్టీలు పళ్ళేల్లో బియ్యం, కందిపప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క, ఆకుకూర, పైన దక్షిణ పెట్టుకుని జనం వరసలో కూర్చుంటారు. అయ్యగారు ఒక్కొక్కరినీ గోత్రం అడుగుతారు, తండ్రి పేరు, తాత పేరు అడుగుతారు. అక్కడిదాకా గడగడా చెబుతారు. ముత్తాత పేరు అనగానే తల గోక్కుంటారు. నీళ్ళూ నువ్వులూ అరచేతిలో పట్టుకున్న ఒక అబ్బాయి ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "నాయినమ్మా, తాత వాళ్ళ నాయిన పేరేంది, జల్ది చెప్పు" అని అడగడం నేను చూశాను. నాయనమ్మ అత్తగారి పేరు అడిగినప్పుడు ఫోన్లో అవతలివాళ్ళకూ తెలియలేదు. తర్పణంలో తండ్రి వైపు మూడు తరాలతోపాటు ఆడవాళ్ళ పేర్లూ, తల్లి తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత పేర్లూ ఉంటాయి. శాస్త్రం అంత మందిని గుర్తుపెట్టుకోమంది. మనం అందులో ఒక్క పేరు పట్టుకుని పసివాడి మీద పెట్టి, మిగిలినవాళ్ళందరినీ మరచిపోయాం.

పేర్లు తెలియనివాళ్ళకూ దారి ఉంది. భూమి మీద ఉన్న పితరులకు, అంతరిక్షంలో ఉన్న పితరులకు, స్వర్గంలో ఉన్న పితరులకు అని చెప్పి పిండం పెట్టవచ్చని శ్రౌతసూత్రం అంటుంది. పేరు పోయినంత మాత్రాన పితరులు ఆకలితో ఉండరని దాని అర్థం. ఇంత దయగల శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని పచ్చి బాలింతను బెదిరించడం నాకు బాధగా ఉంటుంది.

ఈ పేచీ మన ఇళ్ళకే ప్రత్యేకం కూడా కాదు. యూదుల్లో అష్కెనాజీ కుటుంబాలు పోయినవాళ్ళ పేరే పెట్టుకుంటాయి, బతికున్నవాళ్ళది పెట్టవు. సెఫార్దీ కుటుంబాల్లో తాత కళ్ళముందు ఉండగానే ఆయన పేరు పెడతారు. మా మెట్టుగూడలో రైల్వేతోపాటే వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా బడిలో నాతో పనిచేసిన ఒక టీచరమ్మకు నా కష్టం చెబితే ఆవిడ లూకా సువార్త మొదటి అధ్యాయం చదివి వినిపించింది. ముసలితనంలో ఎలీసబెతుకు కొడుకు పుడతాడు. ఎనిమిదో రోజు చుట్టాలూ ఇరుగుపొరుగూ చేరి తండ్రి పేరే జెకర్యా అని పెట్టబోతారు. తల్లి వద్దంటుంది, యోహాను అని పెట్టాలంటుంది. మీ బంధువుల్లో ఆ పేరు గలవాడు ఒక్కడూ లేడు కదా అని వాళ్ళు వాదిస్తారు. మాట పడిపోయిన తండ్రి పలక తెప్పించుకుని యోహాను అనే రాస్తాడు. రాసిన వెంటనే అతనికి మాట వస్తుంది. బంధువులు తల్లి మాట కాదని తండ్రి దగ్గరికి పోతే, తండ్రి తల్లి మాటనే నిలబెట్టాడు. నా దృష్టిలో ఆ కథకు ప్రాణం అదే. ఆపస్తంబుడి సూత్రంలోని ఇద్దరే అక్కడా కనిపించారు నాకు.

దేవుడి పేరు కదా, పెడితే తప్పేముంది అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అజామిళుణ్ణి గుర్తుచేశారు. భాగవతం ఆరో స్కంధంలోని కథ, తెలుగులో ఏర్చూరి సింగన రాసిన భాగం. అజామిళుడు చివరి కొడుక్కి నారాయణ అని పేరు పెట్టుకుని, యమభటులు వచ్చినప్పుడు భయంతో వాణ్ణి పిలిచి గట్టెక్కాడు. నామమహిమ అంటారు పెద్దలు, నేనూ నమ్ముతాను. దాంతోపాటు నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆ పిలుపు ఎదురుగా ఆడుకుంటున్న పసివాడి కోసం వచ్చింది. వాడి ముద్దు మాటలు, వాడి తిండి, వాడి ఆట, వీటి మీదే ఆ ముసలివాడి మనసంతా ఉంది. ఆ పేరు అతని నోట అంత సజీవంగా ఉన్నది బిడ్డ మీది ప్రేమతోనే. పేరు పెట్టేటప్పుడు ముందు ఆ బిడ్డ ముఖం చూడాలి. వాడిలో ఇంకొకరి ముఖం వెతకడం మొదలుపెడితే వాణ్ణి చూడనట్టే.

నేను మా అబ్బాయినీ కోడలినీ కూర్చోబెట్టి చెప్పాను. మీ ఇద్దరికీ ఇష్టమైతే ఆ పేరు పెట్టండి, నాకు సంతోషం. ఇష్టం లేకపోతే వేరే పెట్టండి, నాకు కష్టం లేదు. నా కోసమని మాత్రం పెట్టకండి. తొందరపడాల్సిన పని కూడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో పుట్టుక చెప్పాలి గాని, పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. వాళ్ళు ఆలోచించుకుని వేరే పేరు అనుకున్నారు. కోడలు మొదటిసారి నోరు విప్పి, "అత్తమ్మా, మామయ్య గురించి వాడికి చెప్తూ ఉంటాను" అంది.

తొట్టెల నాడు పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం పరిచాం. మా అబ్బాయి బంగారు ఉంగరంతో పేరు రాశాడు. బియ్యం మీద రాత అంత తేలిక కాదు, రెండో అక్షరం రాస్తుంటే గింజలు జారి మొదటి అక్షరం తలకట్టు చెరిగిపోయింది. కోడలు చూపుడు వేలితో ఆ తలకట్టు సర్దింది. ఒకరు రాసి ఒకరు దిద్దిన పేరు అది. మా అమ్మాయి మేనత్తగా వాడి చెవిలో ఆ పేరు చెప్పింది.

మా మరిది రానన్నాడు గాని వచ్చాడు. వదిన వచ్చి ఒక పక్కన కూర్చుంది, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆమెను నేను తప్పుపట్టను. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన అక్క ఆమె. అందరూ వెళ్ళాక పక్కన కూర్చుని, "వదినా, ఆయన్ను పసితనంలో చూసినోళ్ళు నువ్వు తప్ప ఇంకెవ్వరూ లేరు. నువ్వే చెప్పాలె, వీడికి" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. చిన్నప్పుడు గూడ్సు బండి పోతుంటే పట్టాల పక్కన నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవారట. మధ్యలో ఎవరైనా పిలిచి లెక్క తప్పితే ఏడ్చి గోల చేసేవారట, ఆ బండి మళ్ళీ రావాలని. అన్నాళ్ళు ఆయనతో కాపురం చేసిన నాకు ఈ సంగతి తెలియదు. పేరు కోసం పట్టుబట్టినన్ని రోజులూ ఒక్కసారి కూడా ఎవరమూ ఆయన గురించి మాట్లాడుకోలేదని అప్పుడు గమనించాను. ఆమె అడిగింది పేరే అయినా, ఆమెకు కావలసింది తమ్ముడి గురించి చెప్పుకోవడానికి ఒక చోటు.

అందుకే పెద్దలకు నా విన్నపం ఇది. పేరు అడగండి, తప్పు లేదు. అడిగేముందు ఆ మనిషి ఎలాంటివాడో పిల్లలకు చెప్పండి. ఏం తినేవాడు, ఎవరికి సాయపడ్డాడు, ఎక్కడ పొరపడ్డాడు, దేనికి నవ్వేవాడు, అన్నీ చెప్పండి. చెప్పాక నిర్ణయం కన్నవాళ్ళకు వదిలేయండి. వాళ్ళు కాదంటే అలిగి పండుగకు రాకుండా ఉండకండి. కన్నవాళ్ళకూ ఒక మాట. పాత పేరని మొహం చిట్లించి తోసేయకండి. ముందు ఆ పేరు మోసిన మనిషి గురించి అడిగి తెలుసుకోండి. తెలిశాక కూడా వేరే పేరు పెట్టాలనిపిస్తే ధైర్యంగా పెట్టుకోండి. ఒక కాగితం మీద అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు, ఆడవాళ్ళతో సహా అందరి పేర్లూ రాసి బియ్యం డబ్బా పక్కన పెట్టుకోండి. వచ్చే పెత్రమాసకు అయ్యగారు అడిగితే ఫోను తీయకుండా చెప్పగలగాలి. పితరులు మన దగ్గర ఆశించదగ్గ పని ఏదైనా ఉంటే అది ఇదే, దీనికి పసివాడి అనుమతి అక్కర్లేదు.